కణవిభజనను ఆపిన మందు – యల్లాప్రగడ సుబ్బారావు

గత పాఠంలో జంతుకణంలోని సమవిభజన దశలను మీరు తెలుసుకున్నారు. మొదట కేంద్రకంలో డి.ఎన్.ఏ. రెట్టింపవుతుంది. సెంట్రియోల్ జతలు చెరొక ధ్రువానికి చేరగా వాటి మధ్య కండె ఏర్పడుతుంది. కండె పోగులు క్రొమాటిడ్‌లను వేరుచేసి ధ్రువాలకు చేరుస్తాయి. చివరకు కణత్వచం నడుమ నొక్కుకుపోయి రెండు పిల్లకణాలు ఏర్పడతాయి. ఈ పనికి శక్తి కావాలి, కొత్త డి.ఎన్.ఏ.కు ముడిపదార్థమూ కావాలి. ఈ రెండింటితోనూ ముడిపడిన ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితాన్ని ఇప్పుడు చదవండి.

1. బాల్యం, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే పొందారు. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగువ్యాధితో మరణించారు. ఈ వ్యాధిలో పేగులు ఫోలిక్ ఆమ్లాన్ని సరిగా గ్రహించలేవు. అందువల్ల ఎముక మజ్జలోని కణాలు సక్రమంగా విభజన చెందక రక్తహీనత కలుగుతుంది. అప్పట్లో దీనికి సరైన మందు లేదు.

2. అమెరికాలో పరిశోధన

1922 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరారు. రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరుస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. సైరస్ ఫిస్కేతో కలిసి కండరాలలోని ఫాస్ఫరస్ పదార్థాలను పరిశీలించి, 1929లో ఏ.టి.పి.ని గురించి ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా దానిని కనుగొన్నారు. మైటోకాండ్రియాలో అధికంగా తయారయ్యే ఏ.టి.పి.యే కణవిభజనకూ శక్తినిస్తుందని తరువాత తెలిసింది.

1940లో ఆయన లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న వ్యాధిలోని రక్తహీనతకు అది మందయింది.

3. విభజనను ఆపే మార్గం

డి.ఎన్.ఏ.లోని థైమిన్ తయారీకి ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని పోలిన అమినోప్టెరిన్‌ను ఆయన బృందం రూపొందించింది. అది సంబంధిత ఎంజైమును పనిచేయనివ్వదు. డి.ఎన్.ఏ. రెట్టింపు కాకపోతే సెంట్రియోల్‌లు ఉన్నా, శక్తి ఉన్నా కణం విభజన చెందలేదు. (బిళ్ళగన్నేరు నుండి తీసే విన్‌క్రిస్టిన్ అనే మందు ఇందుకు భిన్నంగా కండెనే ఏర్పడనివ్వదు.)

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఈ మందును రక్త క్యాన్సర్ గల పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలిక ఉపశమనం కలిగినట్లు 1948లో ప్రకటించారు. అయితే నోటిలో, పేగులలో త్వరగా విభజన చెందే ఆరోగ్యకణాలకు కూడా దానివల్ల హాని కలిగింది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53వ ఏట, అమెరికాలోనే మరణించారు. 1922 తరువాత ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

పాఠంలోని ప్రశ్నలు

1. స్ప్రూ వ్యాధిలో రక్తహీనత ఎందుకు కలుగుతుంది?
2. అమినోప్టెరిన్, విన్‌క్రిస్టిన్ కణవిభజనను ఏయే దశలలో ఆపుతాయి?
3. క్యాన్సర్ మందు ఆరోగ్యకణాలకు కూడా ఎందుకు హాని చేస్తుంది?