గాలిలో బండి, పరదాల బస్సు

సైన్స్ ఫిక్షన్ అనగానే మనలో చాలామందికి రాకెట్లు, రోబోలే గుర్తొస్తాయి. నన్నడిగితే ముందు బేగం రొకేయా కథ చదవమంటాను.

ఆవిడ 1880లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని పైరాబంద్‌లో పుట్టారు. ఆ ఇంట ఆడపిల్లలకు బడి లేదు. అన్నగారే రాత్రిపూట చాటుగా ఇంగ్లీషు నేర్పారు. పెళ్లయ్యాక భర్త సఖావత్ హుసేన్ రాయమని ప్రోత్సహించారు.

1905లో ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ మొదట మన మద్రాసు పత్రికలోనే వచ్చింది. అందులో ఆడవాళ్ల విశ్వవిద్యాలయాలు మబ్బుల్లోంచి నీళ్లు తీస్తాయి, ఎండవేడిని పట్టి దాస్తాయి. బండ్లు గాలిలో ఎగురుతాయి. మగవాళ్లేమో ఇంట్లో పరదా వెనక! ఇది మాత్రం నాకు నచ్చదు. ఒకరి పరదా తీసి ఇంకొకరికి వేస్తే న్యాయమెలా అవుతుంది? అయితే, అలా తిరగేసి చూపిస్తేనే అలవాటైపోయిన అన్యాయం కళ్లకు కనబడుతుందని ఒప్పుకోవాలి.

1909లో భర్త పోయారు. 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది పిల్లలతో బడి మొదలుపెట్టారు. బస్సును నాలుగువైపులా మూసేస్తే పిల్లలు ఉక్కకు స్పృహ తప్పారు. కిటికీలు తెరిచి పరదాలు కడితే, గాలికి అవి కదులుతున్నాయని ఉత్తరాలొచ్చాయి. అయినా 1932లో కన్నుమూసేదాకా ఆవిడ బడి వదల్లేదు.

ఆ బస్సు సంగతి తెలిశాక నాకనిపించింది: ఆ రోజుల్లో ఎగిరే బండికన్నా ఆడపిల్లల విశ్వవిద్యాలయమే పెద్ద ఊహ. కథ చిన్నదే, ఒక ఖాళీ పీరియడ్‌లో అయిపోతుంది. చదివి, మగవాళ్ల పరదా గురించి మీరేమంటారో చెప్పండి.