మాండొలిన్‌కి మన మాట నేర్పిన పాలకొల్లు కుర్రాడు

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం వంటపని తెముల్చుకున్న ఆడవాళ్లు అరుగుల మీద చేరి లేసు అల్లుకోవడం తరాలుగా ఉన్నదే. నిజానికి ఆ విద్య మనది కాదు. 19వ శతాబ్దంలో వచ్చిన మిషనరీలు ఇక్కడివాళ్లకు నేర్పారు. అయినా ఇవాళ ఎవరైనా లేసు పరాయిదంటే మన గోదావరి ఆడపడుచులు ఊరుకుంటారా? చెయ్యి తిరగాలే గానీ, సూది ఏ దేశానిదైతేనేం!

సరిగ్గా అదే సీమలో, పరాయి దేశపు వాద్యాన్ని పట్టుకుని మన రాగాలు పలికించిన పిల్లవాడు ఒకడు పుట్టాడు. ఆ వాద్యంతోనే జాజ్ సంగీతకారుల సరసన కూర్చున్నాడు. ఆయనే ఉప్పలపు శ్రీనివాస్. లోకానికి 'మాండొలిన్' శ్రీనివాస్. ఆ వాద్యం పేరే ఆయన ఇంటిపేరైపోయింది!

నాన్న వాద్యం... గురువు గొంతు

1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు శ్రీనివాస్. అప్పట్లో అది ఏలూరు ముఖ్యపట్టణంగా ఉన్న పశ్చిమ గోదావరి జిల్లా. తండ్రి సత్యనారాయణకు సంగీతం వచ్చు. ఇంట్లో ఆయన మాండొలిన్ ఉండేది. నాన్నతో కలిసి ఒక కచేరీకి వెళ్లి ఆ వాద్యం విన్న పిల్లాడు, ఇంటికొచ్చాక దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అప్పటికి వయసు ఆరేళ్లు.

మన ఇళ్లలో అయితే ఏం జరుగుతుంది? "తీగలు తెంపేస్తావురా" అని లాక్కుని బీరువా మీద పెట్టేస్తాం. సత్యనారాయణ అలా చెయ్యలేదు. కొడుకు వేళ్లలో ఏదో ఉందని కనిపెట్టి, వాడికోసం కొత్త మాండొలిన్ కొని తెచ్చారు. తనకు వచ్చినంతా తనే నేర్పడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత పిల్లవాణ్ణి తన గురువు రుద్రరాజు సుబ్బరాజు దగ్గర పెట్టారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. అయితే ఒక చిక్కు వచ్చింది. గురువుగారికి మాండొలిన్ వాయించడం రాదు! మరి పాఠం ఎలా? ఆయన పాడేవారు, పిల్లవాడు అది విని వాయించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించేవారు లేరు. గొంతులో వినిపించిన వంపు తీగ మీద ఎక్కడుందో తనే వెతుక్కోవాలి.

లోటు అనుకున్నది వరమైంది. వాద్యం పద్ధతిలో కాకుండా గొంతు పద్ధతిలో సంగీతం నేర్చుకున్నాడు కాబట్టే, పెద్దయ్యాక ఆయన వాయిస్తుంటే పాడుతున్నట్టే ఉండేది. పసిబిడ్డ తల్లి నోటి నుంచి మాట నేర్చినట్టు నేర్చాడన్నమాట. ఏడేళ్ల వయసులో గిటార్ వాద్యకారుడు వాసూరావు పరిచయం చేయడంతో పాశ్చాత్య సంగీతం కూడా చెవిన పడింది.

1978లో, కొల్లేటికి అవతల ఉన్న గుడివాడలో త్యాగరాజ ఆరాధన జరిగింది. శ్రీనివాస్ మొదటి కచేరీ అక్కడే. తొమ్మిదేళ్లవాడు అంతమంది ముందు కూర్చుని త్యాగయ్యను మాండొలిన్ మీద వినిపించాడు.

ఎనిమిది తీగలు ఐదయ్యాయి

కుటుంబం మద్రాసు చేరింది. 1981లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ డిసెంబరు కచేరీల్లో వాయించే అవకాశం వచ్చింది. పన్నెండేళ్ల పిల్లాడు, చేతిలో మాండొలిన్! పెదవి విరిచినవాళ్లు లేకపోలేదు. సినిమా పాటల్లో, ఆర్కెస్ట్రాల్లో మోగే వాద్యం ఇది, దీనిమీద తోడి, భైరవి ఎలా పలుకుతాయన్నది వాళ్ల అనుమానం.

ఆ అనుమానం ఉత్త అసూయ అనుకోకండి. అందులో నిజమూ ఉంది. మన సంగీతానికి ప్రాణం గమకం. ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఊగుతూ, జారుతూ వెళ్లాలి. వీణలో అయితే తీగను పక్కకు లాగి ఆ ఊపు తెస్తారు. మామూలు మాండొలిన్ అందుకు లొంగదు. దానికి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంటను కలిపి లాగడం కష్టం. పైగా మీటిన నాదం టక్కున ఆగిపోతుంది. అందుకే పాశ్చాత్యులు గబగబా మీటుతూ దాన్ని నిలబెడతారు.

శ్రీనివాస్ చేసిన పని చెప్పడానికి సులువు, చెయ్యడానికే కష్టం. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు. కింది స్థాయి స్వరాలు కూడా అందేలా ఐదు తీగలు చేసుకున్నారు. ఎలక్ట్రిక్ మాండొలిన్ వాడి నాదం సాగేలా చూసుకున్నారు. ఇంతా చేసి ఆ వాద్యం చూడబోతే బొమ్మలాగే ఉండేది!

వయొలిన్ మాత్రం మన దేశంలో పుట్టిందా? రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితర్ వంటివారు చేతికెత్తుకుంటే, తర్వాత మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాన్ని తెలుగువాళ్ల గర్వకారణం చేశారు. మాండొలిన్‌కి ఆ భాగ్యం శ్రీనివాస్ వల్ల కలిగింది.

జాజ్ పండుగలో మన రాగం

1983లో బెర్లిన్ నుంచి పిలుపొచ్చింది. పిలిచింది అక్కడి జాజ్ ఉత్సవం! జాజ్ అంటే అమెరికాలోని నల్లజాతివారు సృష్టించుకున్న సంగీతం. 20వ శతాబ్దం మొదట్లో న్యూ ఆర్లీన్స్ నగరంలో రూపం దిద్దుకుని ప్రపంచమంతా పాకింది. పాలకొల్లు పిల్లాడికీ దానికీ చుట్టరికం ఏమిటి అనిపిస్తుంది కదూ?

చుట్టరికం ఉంది. జాజ్‌లో కాగితం మీద రాసుకున్నదంతా ఉన్నదున్నట్టు వాయించరు. ఒక పాటను ఆధారం చేసుకుని, ఆ క్షణాన మనసులో పుట్టింది వాయిస్తూ పోతారు. ఒకరు ఒక ముక్క వాయిస్తే ఇంకొకరు జవాబిస్తారు. మన కచేరీలో స్వరకల్పన చేసేటప్పుడు గాయకుడికీ వయొలిన్‌కీ మధ్య నడిచే ముచ్చట అదే కదా! మనం మనోధర్మం అంటాం. తేడా ఎక్కడంటే, వాళ్ల పాట కింద స్వరాల గుత్తులు మారుతూ ఉంటాయి. మన పాట కింద తంబూరా శ్రుతి కదలకుండా నిలబడి ఉంటుంది.

పద్నాలుగేళ్ల శ్రీనివాస్ అక్కడ జాజ్‌ను అనుకరించలేదు. కర్ణాటక సంగీతమే వినిపించి మెప్పించాడు. తర్వాత విదేశీయులతో ఎన్నిసార్లు కలిసి వాయించినా ఆయన దారి అదే. 1995లో కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' ఆల్బమ్ చేశారు. జాజ్ గిటార్‌లో దిట్ట జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి' బృందంలో చేరారు. కంజీరా సెల్వగణేశ్, గాయకుడు శంకర్ మహదేవన్ కూడా అందులో తోడయ్యారు. 2000, 2001 సంవత్సరాల్లో వచ్చిన వాళ్ల రికార్డింగులు వింటే తెలుస్తుంది. గిటార్ ఒక మాట అంటుంది, మాండొలిన్ నవ్వుతూ జవాబు చెబుతుంది. ఇద్దరి భాషలూ వేరు. మాట్లాడుకోవడానికి అదేం అడ్డు కాలేదు.

ఎంత దూరం వెళ్లినా ఇంటిమాట మరిచిపోని అత్తింటి కోడలిలా, శ్రీనివాస్ మళ్లీ మళ్లీ త్యాగరాజ కీర్తన దగ్గరికే వచ్చేవారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. తమ్ముడు రాజేశ్ కూడా మాండొలిన్ విద్వాంసుడయ్యారు. అన్నదమ్ములిద్దరూ కలిసి కచేరీలు చేస్తే వేదిక నిండుగా ఉండేది.

మిగిల్చి వెళ్లింది

2014 సెప్టెంబరు 19న చెన్నైలో, కాలేయ మార్పిడి చికిత్స తర్వాత తలెత్తిన ఇబ్బందులతో శ్రీనివాస్ కన్నుమూశారు. వయసు నలభై అయిదే. ఆరేళ్లకు పట్టుకున్న వాద్యాన్ని కడదాకా వదల్లేదు. ఆయన పోయి పదేళ్లు దాటింది. ఇప్పుడు కర్ణాటక కచేరీలో మాండొలిన్ కనబడితే ఎవరూ వింతగా చూడరు. ఆయన గెలుపు అదే.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకుందాం. తండ్రి ఆనాడు మాండొలిన్ లాక్కుని ఉంటే ఈ కథే లేదు. తనకు వాయించడం రాదు కాబట్టి నేర్పనని గురువు అని ఉన్నా ఈ కథ లేదు. మన పిల్లలు కీబోర్డో, గిటారో, డ్రమ్సో పట్టుకుని చెవులు చిల్లులు పడేలా మోగిస్తుంటే విసుగే వస్తుంది. కాదనను. కానీ తలుపు వేసేముందు ఒక్క నిమిషం విని చూడండి. ఆ గోలలో ఒక మాట వినబడుతుందేమో!