వాలెస్ సాబిన్: గదిలో మాట ఎందుకు చెదిరిపోతుందో సీటు కుషన్లతో కనిపెట్టిన ప్రొఫెసర్

దిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు వినగానే తెలుగువారికి సివిల్స్ కోచింగే గుర్తొస్తుంది. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం ఏర్పడిన ఈ కాలనీలో ఇళ్లు ఇరుకు, గోడలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. సున్నం వేసిన గోడలు, నున్నటి గచ్చు, కాంక్రీటు శ్లాబు. అలాంటి గదిలో లెక్చరర్ మాట వెనక బెంచీకి చేరేసరికి ముద్దగా మారుతుంది. నలుగురు కుర్రాళ్లు గిటార్, డ్రమ్స్ పట్టుకుని రిహార్సల్ చేస్తే ఎవరు ఏం వాయిస్తున్నారో వాళ్లకే తెలియదు. ఇక రికార్డింగ్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ గదులను ఎలా బాగు చేయాలన్న ప్రశ్నకు మొదటిసారి లెక్కతో జవాబు చెప్పిన వ్యక్తి వాలెస్ క్లెమెంట్ సాబిన్. ఆయన చనిపోయి వందేళ్లు దాటింది. నేటికీ ఏ స్టూడియో కట్టినా, ఏ ఆడిటోరియం డిజైన్ చేసినా మొదటి లెక్క ఆయనదే.

డాక్టరేట్ లేని ప్రొఫెసర్

సాబిన్ 1868 జూన్ 13న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం రిచ్‌వుడ్‌లో పుట్టారు. 18 ఏళ్లకే ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తిచేసి, హార్వర్డ్‌లో పైచదువులకు చేరారు. అక్కడే ఫిజిక్స్ బోధించడం మొదలుపెట్టారు. డాక్టరేట్ చేయలేదు. మంచి టీచర్ అన్న పేరు తప్ప 1895 నాటికి పరిశోధకుడిగా ఆయనకు పెద్ద గుర్తింపు లేదు.

ఆ ఏడాదే హార్వర్డ్‌లో ఫాగ్ ఆర్ట్ మ్యూజియం తెరిచారు. అందులోని లెక్చర్ హాలు చూడటానికి అందంగా ఉండేది, పాఠం చెప్పడానికి మాత్రం పనికిరాలేదు. పలికిన మాట అయిదున్నర సెకన్ల పాటు గదిలో తిరుగుతూనే ఉండేది. అంత సమయంలో మనిషి పది పదిహేను పదాలు మాట్లాడేస్తాడు. అవన్నీ ఒకదాని మీద ఒకటి పడేవి.

దీన్ని సరిచేయమని హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఈ 27 ఏళ్ల కుర్రవాడికి అప్పగించారు. అప్పటికి ఈ రంగంలో శాస్త్రం కంటే నమ్మకాలే ఎక్కువ. హాలులో తీగలు కడితే ప్రతిధ్వని పోతుందని నమ్మి కట్టినవారున్నారు. కట్టాక హాలు బాగుంటే అదృష్టం, లేకపోతే కర్మ.

అర్ధరాత్రి మోత, తెల్లవారేలోగా సర్దుడు

సాబిన్ దగ్గరున్న పరికరాలు మూడే: ఒక ఆర్గన్ పైపు, సమయాన్ని నమోదుచేసే క్రోనోగ్రాఫ్, తన చెవులు. పైపు మోగించి ఆపేయడం, ధ్వని పూర్తిగా వినిపించకుండా పోయేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో కొలవడం. పగలు వీధిలో ట్రామ్‌ల రొద కాబట్టి పని అంతా అర్ధరాత్రి దాటాకే.

దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి సీటు కుషన్లను రాత్రిళ్లు తెప్పించేవారు. కొన్ని పరిచి కొలిచేవారు, మరికొన్ని పరిచి మళ్లీ కొలిచేవారు. తెల్లవారేలోగా కుషన్లు మళ్లీ థియేటర్‌కు చేరాలి. కుషన్లు పెరిగేకొద్దీ ధ్వని నిలిచే సమయం తగ్గుతూ వచ్చింది. సీట్లతో పాటు నడవాలు, వేదిక, వెనక గోడ కూడా కప్పేశాక అయిదున్నర సెకన్లు కాస్తా ఒక సెకనుకు కొంచెం పైకి దిగింది.

ఒక దశలో తన ఒంటి మీది బట్టలే కొలతల్ని మారుస్తున్నాయని ఆయన గుర్తించారు. కోటు మారితే అంకె మారుతోంది. అప్పటిదాకా తీసిన వేల కొలతలను పక్కన పడేసి, ప్రతిసారీ ఒకే రకం బట్టలతో మొదటి నుంచి మొదలుపెట్టారు.

పోల్చడానికి ఆయన ఎంచుకున్న కొలమానం తెరిచిన కిటికీ. కిటికీ మీద పడిన ధ్వని బయటకు పోతుంది, తిరిగి రాదు. అంటే పూర్తి శోషణ. ఒక చదరపు మీటరు కుషన్ ఎంత కిటికీతో సమానం? ఒక మనిషి ఎంత కిటికీతో సమానం? ఇలా వస్తువులన్నిటికీ ఒక విలువ కట్టారు. చివరికి లెక్చర్ హాలు గోడలకు కొంత ఫెల్ట్ అతికించడంతో అది పాఠానికి పనికొచ్చే గది అయింది.

పేరు పణంగా పెట్టిన హాలు

1898లో అసలు పరీక్ష ఎదురైంది. బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపకుడు హెన్రీ హిగ్గిన్సన్ కొత్త హాలు కట్టాలనుకున్నారు. ఎలియట్ ఆయనకు సాబిన్ పేరు చెప్పారు. సాబిన్ దగ్గర మూడేళ్ల కొలతలున్నాయి గానీ వాటిని కలిపే సూత్రం లేదు. ఆ ఏడాది శరదృతువులో పాత కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నప్పుడు అది దొరికింది. గది ఘనపరిమాణాన్ని మొత్తం శోషణతో భాగించి, ఒక స్థిరాంకంతో గుణిస్తే ధ్వని ఎంతసేపు నిలుస్తుందో వచ్చేస్తుంది. మీటర్లలో ఆ స్థిరాంకం సుమారు 0.161. ధ్వని తీవ్రత పది లక్షల్లో ఒక వంతుకు పడిపోయే ఆ సమయాన్నే ప్రతినాద కాలం అంటున్నాం.

జర్మనీలోని లైప్‌జిగ్ హాలు అప్పట్లో మేటి. దాన్నే నమూనాగా పెట్టుకుని ఎక్కువ సీట్లకు సరిపడా పెంచేస్తే ప్రతినాదం 3 సెకన్లు దాటుతుందని సాబిన్ లెక్క చెప్పింది. కాబట్టి కొలతలు మార్చారు. 2.31 సెకన్లు వచ్చేలా డిజైన్‌కు సలహా ఇచ్చారు. ఇటుక కూడా పేర్చకముందే ఒక హాలు ఎలా వినిపిస్తుందో లెక్కగట్టి కట్టడం అదే మొదలు.

1900 అక్టోబరు 15న సింఫనీ హాలు తెరిచారు. అందరూ మెచ్చుకోలేదు. విమర్శలు వచ్చాయి. ప్రేక్షకులతో నిండిన హాలులో ప్రతినాదం ఆయన వేసిన లెక్క కంటే తక్కువే ఉందని తర్వాతి కొలతల్లో తేలింది. కానీ దశాబ్దాలు గడిచేకొద్దీ ప్రపంచంలోని అత్యుత్తమ సంగీత మందిరాల్లో ఒకటిగా అది నిలబడింది. సాబిన్ తన సూత్రాన్ని దాచుకోలేదు. అదే ఏడాది ఆర్కిటెక్టుల పత్రికలో ప్రచురించి, ఎవరైనా వాడుకునేలా చేశారు.

పది బై పన్నెండు గదికి ఆ లెక్క

ఓల్డ్ రాజిందర్ నగర్ తరహా గది ఒకటి తీసుకుందాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. ఘనపరిమాణం సుమారు 30 ఘనపు మీటర్లు. ఖాళీ గోడలు, గచ్చు తమ మీద పడిన ధ్వనిలో మూడు శాతమే పీల్చుకుంటాయనుకుంటే ప్రతినాదం రెండున్నర సెకన్లు దాటుతుంది. అందులో డ్రమ్స్ వాయిస్తే రొదే మిగులుతుంది. ధ్వనిని 80 శాతం పీల్చే మందమైన రాక్‌వూల్ ప్యానెళ్లు 10 చదరపు మీటర్ల మేర గోడలకు, పైకప్పుకు పెడితే అర సెకను దగ్గరికి వస్తుంది. రిహార్సల్‌కు, రికార్డింగ్‌కు అది సరిపోతుంది.

అయితే అన్ని స్వరాలకూ ఒకే మందు పనిచేయదు. ఈ సంగతి కూడా సాబినే కొలిచి చూపించారు. పలుచటి ఫోమ్, గుడ్ల ట్రేలు పైస్థాయి ధ్వనిని కొంత తగ్గిస్తాయి తప్ప బేస్ గిటార్ హోరును ఏమీ చేయలేవు. పైగా చిన్న గదుల్లో ఆ సూత్రానికి పరిమితి ఉంది. గోడల మధ్య దూరాన్ని బట్టి కొన్ని మంద్ర స్వరాలు ఉబ్బిపోతాయి. 10 అడుగుల దూరానికి అది 56 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైతే ఉబ్బు అంతా ఒకేచోట పోగవుతుంది. అందుకే మూలల్లో మందమైన ప్యానెళ్లు పెడతారు.

పక్కింటివారి నిద్ర వేరే సమస్య. ప్యానెళ్లు గదిలోపలి ధ్వనిని శుభ్రం చేస్తాయి గానీ బయటికి పోకుండా ఆపవు. ఆపాలంటే బరువైన గోడ, సందులేని తలుపు కావాలి. సాబిన్ చివరి పరిశోధనల్లో ఒకటి ఈ అంశం మీదే.

ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక నైట్‌క్లబ్ గోడలకు అతికించిన పాలీయురెథేన్ ఫోమ్‌కు బాణసంచా నిప్పంటుకుని 100 మంది చనిపోయారు. 2024 జులై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వరద నీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. శబ్దం బయటికి పోకూడదని బేస్‌మెంట్ ఎంచుకుని, ఉన్న ఒక్క తలుపునూ పరుపులతో బిగించి, గోడలకు చవక ఫోమ్ అతికిస్తే ఈ రెండు ప్రమాదాలనూ ఒకే గదిలోకి ఆహ్వానించినట్టే. నిప్పంటుకోని సామగ్రి, బయటపడే రెండో దారి లేకుండా ఏ లెక్కా పూర్తి కాదు.

వాయిదా వేసిన ఆపరేషన్

మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక సాబిన్ యూరప్ వెళ్లారు. విమానయానానికి సంబంధించిన సాంకేతిక వ్యవహారాల్లో పనిచేశారు. తిరిగొచ్చాక హార్వర్డ్‌లో పాఠాలు, వాషింగ్టన్‌లో యుద్ధ పని రెండూ మోశారు. అప్పటికే కిడ్నీ జబ్బు ముదిరింది. యుద్ధం ముగిశాకే ఆపరేషన్ అంటూ వాయిదా వేశారు. 1919 జనవరి 10న, 50 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఇలినాయ్‌లోని జెనీవాలో ఆయన కోసమే జార్జ్ ఫేబియన్ అనే సంపన్నుడు రివర్‌బ్యాంక్ ప్రయోగశాల కట్టించారు. పూర్తి స్థాయిలో అందులో పనిచేసే అవకాశం సాబిన్‌కు దక్కలేదు. ఆయన పరిశోధన పత్రాలన్నీ 1922లో పుస్తకంగా వచ్చాయి. ఫాగ్ మ్యూజియం పాత భవనాన్ని 1973లో కూల్చేశారు. ధ్వని శోషణను కొలిచే ప్రమాణానికి మాత్రం ఆయన పేరే పెట్టారు. అకౌస్టిక్ ప్యానెల్ కొనేటప్పుడు దాని శోషణ విలువ ఎంతో అడిగి చూడండి. దుకాణదారు చెప్పే ఆ అంకెకు మూలం హార్వర్డ్‌లో రాత్రిళ్లు సర్దిన ఆ కుషన్లే.