సర్ ఆర్థరు కాటను

నీటిని ధనముగా లెక్కించి చూచిన వారిలో కాటను దొరగారు అగ్రగణ్యులని మేము తలంతుము. వీరు 1803లో ఇంగ్లండునందు జన్మించి, 1821లో మద్రాసునకు వచ్చిరి. కావేరిపై చోళులు ఇసుక నేలలో కట్టిన కల్లణైని పరిశీలించి, రాతి పునాది లేనిచోట సైతము ఆనకట్ట నిలుచునని గ్రహించిరి.

1832-33లో వచ్చిన నందన కరవున గుంటూరు మండల జనులలో మూడవవంతునకు తక్కువగాక నశించిరని అంచనా. ఆనకట్టకగు ఖర్చునే చూచుట చాలదనియు, కట్టకున్నచో పోవు పంటయు శిస్తును గూడ నష్టపు పద్దేననియు కాటనుగారు వాదించిరి. పంటకాలువలే పడవదారులై సరకుల కూలి తగ్గించుననియు జూపిరి.

1847లో ఆరంభించిన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. 1855లో బెజవాడ ఆనకట్టయు ముగిసెను. డెల్టా భూములు వరిచేలయ్యెను. సర్కారు శిస్తును హెచ్చెను. 1899లో వీరు దివంగతులైరి.

ఆ కాలువలు మెట్టసీమయగు మన దర్శి వైపునకు ఎక్కలేదు. తరువాతి శతాబ్దమున నాగార్జునసాగరు కుడికాలువ వచ్చువరకు ఇచటి రైతులు వానకై ఆకాశమునే చూచిరి. కాలువ వచ్చినను లెక్క తీరలేదు. ఎగువవారు పొదుపు చేసిననే దిగువ చేనికి నీరందును. విద్యార్థులారా! ఇంటి ఖర్చువలెనే నీటి ఖర్చును వ్రాయ నేర్చుకొనుడు. కాటనుగారి జీవితము మనకు నేర్పు పాఠమిదియే.