గబ్బిలమును దూతగా పంపిన కవి

ఆదోని, ఎమ్మిగనూరు వీథులలో ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కనే వినబడును. మన విద్యార్థులలో కొందరు రుస్తుం, సొహరాబుల గాథ వినుచు పెరిగినవారు. కొందరు భీమార్జునుల కథలు వినుచు పెరిగినవారు. ఈ రెండు గాథాలోకములను తనవిగా చేసికొని, మూడవదానిని స్వయముగా సృష్టించిన తెలుగు కవి గుఱ్ఱం జాషువా.

ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండ ప్రాంతమున జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ, కుటుంబము క్రైస్తవము. చదువుకొన్నను కులము ఆయనను విడువలేదు. రాజమహేంద్రవరమున మూకీ చిత్రములకు తెరప్రక్క నిలిచి కథ చెప్పి కొంతకాలము పొట్టపోసికొనెను, పిమ్మట ఉపాధ్యాయుడయ్యెను. పురాణకథలను కావ్యములుగా వ్రాయుట క్రైస్తవ పెద్దలకు నచ్చలేదు. అంటరానివాడు పద్యము వ్రాయుట సవర్ణులలో పలువురకు నచ్చలేదు. ఇరువైపుల తలుపులు మూసికొన్నవాని కష్టమెట్టిదో ఊహింపవచ్చును.

1932లో వెలువడిన ‘ఫిరదౌసి’ షానామా కర్త కథ. పద్యమునకొక బంగారు నాణెము ఇత్తునన్న గజనీ సుల్తాను వెండి నాణెములు పంపెననియు, తుదకు బంగారము వచ్చుసరికి కవి శవము ఊరు దాటుచుండెననియు ప్రతీతి. చరిత్రకారులు దీనినంతటిని అంగీకరింపరు. అయినను, తగిన గౌరవము దక్కని కవి వేదన జాషువాకు పరాయిది కాదు. అందుచేతనే కాబోలు, పారశీక కవి ఆ కావ్యమున మన ఊరివాడుగానే తోచును.

1941 నాటి ‘గబ్బిలము’ మఱింత సాహసము. కాళిదాసుని యక్షుడు మేఘమును ప్రియురాలి కడకు పంపెను. జాషువా కథానాయకుడు యక్షుడు కాడు. దక్షిణదేశమున గుడిసెలో నివసించు నిరుపేద పంచముడు. అతని సందేశము ప్రియురాలికి గాదు, కైలాసమందలి శివునకు. దూత హంస కాదు, చిలుక కాదు, జనులు అశుభమని తరుముకొట్టు గబ్బిలము. ఈ ఎన్నికలోనే కావ్యప్రాణమున్నది. గుడిలోనికి ఆ మనుష్యునకు ప్రవేశము లేదు. గబ్బిలమునకు అడ్డు లేదు. గర్భగుడి కప్పునకు తలక్రిందులుగా వ్రేలాడుచు, పూజారి లేని వేళ శివుని చెవిలో తన గోడు చెప్పుమని అతడు దానిని వేడుకొనును. అద్భుతకథ వాస్తవమును మరపించునందురు. ఇచ్చట అద్భుతమే వాస్తవమును బయటపెట్టినది. పురాణములలో చోటులేనివాడు ఒక పక్షి కాని పక్షి రెక్కలపై కైలాసమునకు దారి వేసికొనెను.

కాలక్రమమున తలుపులు తెరచుకొనెను. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వహస్తముతో ఆయన పాదమునకు గండపెండేరము తొడిగెను. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. ఆ యేడే శాసనమండలి సభ్యత్వము, 1970లో పద్మభూషణ్ వచ్చెను. 1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూసెను.