డాక్టర్ విలియం కేరీ – అనువాదకుని ప్రయాస

సెరంపూరు పేరు వినని క్రైస్తవుడు మన సంఘములలో అరుదు. మేము వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో, కేరీగారి ఆధ్వర్యమున లేఖనభాగములు సుమారు 40 భాషలలోనికి, మాండలికములలోనికి వచ్చెనని వల్లెవేసి మార్కులు తెచ్చుకొంటిమి. ఆ లెక్క వెనుకనున్న ప్రయాస మాత్రము గ్రామ సంఘములలో ప్రసంగింప మొదలుపెట్టిన తరువాతనే మాకు బోధపడినది.

కేరీగారు 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌పరీ గ్రామములో ఒక నేతగాని కుమారుడుగా జన్మించెను. చెప్పులు కుట్టుచునే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను నేర్చుకొనెను. 1793లో కలకత్తా చేరి, జీవనోపాధికై మద్నాబాటిలో నీలిమందు కర్మాగారమును చూచుకొనెను. 1794లో చిన్న కుమారుడు పీటరు మరణించెను. భార్య డొరోతీగారికి మతి చలించెను. ఆ యింటిలో కూర్చుండియే ఆయన క్రొత్త నిబంధనను బెంగాలీలోనికి అనువదించెను.

ఏ బెంగాలీలోనికి? అక్కడనే చిక్కు వచ్చెను. పండితుల భాష సంస్కృత పదములతో నిండియుండెను. పొలములో రైతు మాటలాడునది వేరు. అందులో పారశీక పదములు, ఊరూరికి మారు యాసలు కలిసియుండెను. 1800లో సెరంపూరు చేరిన కేరీగారు, 1801లో క్రొత్త నిబంధనను అచ్చువేయించి, అదే సంవత్సరము 'కథోపకథన్' అను సంభాషణల పుస్తకమును వెలువరించెను. అందులో కూలివారు, జాలరులు, జగడమాడు స్త్రీలు తమ తమ మాటలలోనే మాటలాడుదురు. దైవసేవకుడు పోట్లాట మాటలు అచ్చువేయించుటయా అని కొందరు నొచ్చుకొనవచ్చును. మాకైతే ఆయన పుస్తకములన్నిటిలో అదియే మిక్కిలి ప్రియమైనది.

ఒక్కొక్క మాటకు ఎంత తర్జనభర్జన! బెంగాలీ బైబిలులో 'ఈశ్వర' అను మాట నిలిచెను, మనకు 'దేవుడు' అను మాట నిలిచెను. 'బాప్తిస్మము' గ్రీకు మాటగానే మనయొద్ద ఉండిపోయెను.

1812 మార్చి 11న ముద్రణాలయము తగులబడెను. అనేక లిపుల అచ్చు అక్షరములు, కాగితము, బహుభాషా నిఘంటువు వ్రాతప్రతి బూడిదయ్యెను. అక్షరముల మూసలు శిథిలములలో దొరకుటచే అచ్చుపని త్వరలోనే తిరిగి సాగెను. ఆ నిఘంటువు మాత్రము మరల రాలేదు.

1814లో ఆయన తెలుగు వ్యాకరణమును, 1818లో సెరంపూరువారి తెలుగు క్రొత్త నిబంధనయు వెలువడెను. కాని ఆయన తెలుగువారి మధ్య ఎన్నడును నివసింపలేదు. ఆ అనువాదము మన సంఘములలో నిలువలేదనుటకు మేము సంకోచింపము. విశాఖపట్నములో కాపురముండి డెగ్రాంజిగారు, ఆనందరాయరుగారు కలిసి అనువదించిన సువార్తలు 1812లో అదే సెరంపూరులో అచ్చయ్యెను. ఆ 40లో మరికొన్ని కూడ ఇట్లే మరుగునపడెను.

బెంగాలీని మాత్రము ఆయన విడువలేదు. కూర్పు కూర్పునకు దిద్దుచు, 1832లో చివరి దిద్దుబాటు ముగించి, 1834 జూన్ 9న సెరంపూరులో కన్నుమూసెను.