పావులూరి మల్లన

తెలుగున గణితశాస్త్రాన్ని పద్యబద్ధం చేసిన తొలి కవి పావులూరి మల్లన. ఈయన 11వ శతాబ్దివాడని సాహిత్య చరిత్రకారుల అభిప్రాయం.

9వ శతాబ్దిలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో ‘గణితసారసంగ్రహం’ రచించాడు. ధనసంఖ్య వర్గమూ, ఋణసంఖ్య వర్గమూ ధనమే కనుక వర్గమూలాలు రెండని అందులో నిర్ణయించాడు. పరమమూల్యం 5 అయిన సంఖ్య ఏదన్నప్పుడు నేటి విద్యార్థి ధన 5, ఋణ 5 అని రెండు సమాధానాలు చెప్పడంలోనూ ఇట్టి వివేకమే ఉంది.

మల్లన ఆ గ్రంథాన్ని తెనిగిస్తూ, జైనపరమైన ప్రస్తావనలకు బదులు శివపరమైన వాటిని నిలిపాడు. స్వతంత్రంగా కొన్ని లెక్కలనూ చేర్చాడు. శాస్త్రమంటే సంస్కృతమే అనుకొనే కాలమది. నన్నయ చేతిలో కావ్యభాషగా నిలిచిన తెలుగు, మల్లన చేతిలో శాస్త్రభాష కూడా అయింది. సంస్కృతమెరుగని తెలుగువారికి గణితం తమ సొంత నుడిలోనే అందింది.